అమ్మమ్మ నిలబడే చోటు

టైల్స్ మేస్త్రి ఏ గదిలో పని పట్టుకున్నా గుమ్మం దగ్గర మొదలుపెట్టడు. అన్నిటికన్నా లోపలున్న గోడ దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, దారం లాగి, రసమట్టం పెట్టి చూసుకుని, మొదటి పలక అక్కడ పరుస్తాడు. అక్కణ్ణించి వరస వరసగా వెనక్కి జరుగుతూ గుమ్మం బయటికి తేలతాడు. గుమ్మం దగ్గర మొదలుపెట్టినవాడు తను పరిచిన పచ్చి పనిని తనే తొక్కుకోవాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, మేస్త్రీలందరికీ తెలిసిందే. కాకపోతే ఈ మేస్త్రి ఫుట్‌బాల్ కూడా అలాగే ఆడించాలన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అయిపోయింది.

బస్సు గ్యారేజీ వెనక గోడకి ఆనుకుని ఒక మైదానం ఉంది. సగం పచ్చిక, సగం మట్టి. గ్యారేజీలో బ్రేకులు పరీక్ష చేసినప్పుడల్లా కీచుమని చప్పుడొస్తుంది, గాలి తిరిగితే నూనె వాసన కొడుతుంది. మేస్త్రి సాయంత్రం పని దిగి, సిమెంటు అంటిన చేతులు కడుక్కుని నేరుగా అక్కడికే పోయేవాడు. చుట్టుపక్కల వీధుల్లోని ఆడపిల్లలు పోగయ్యేవాళ్లు. ఆయనకి జీతం లేదు, బిరుదు లేదు. పిల్లలు మాస్టారూ అనేవాళ్లు, దక్కినదల్లా అదే.

చిన్నతనంలో ఆయనా ఆడాడు. వెనక కాపలా ఆట. ఆ రోజుల్లో ఆయనకి నేర్పింది ఒకటే ముక్క: బంతి నీ దగ్గరికొచ్చిందా, కళ్లు మూసుకుని అవతలికి తన్ను.

"అన్నేళ్లు ఆడానా, బంతి నా కాలి దగ్గర ఊపిరి తీసుకునేంతసేపు ఆగలేదే," అనేవాడు పెళ్లాంతో. "చేతిలో నిప్పుకణిక పడ్డట్టు విసిరెయ్యడమే. భయం తప్ప ఇంకేం నేర్చుకున్నాను నేను?"

"బంతికి ఊపిరేంటండీ, మరీ విడ్డూరం కాకపోతే," అనేది ఆవిడ. బనీన్లు నానబెట్టిన బకెట్లోంచి తల ఎత్తకుండానే అనేది. ఆ పిల్లల పచ్చ బనీన్లు వారం వారం ఉతికేది ఆవిడే. మట్టి వదలదు, ఎంత రుద్దినా పచ్చలోంచి ఎరుపు కారుతూనే ఉంటుంది.

మేస్త్రి పాఠం ఇలా ఉండేది. గోల్‌కీపర్ బంతిని ఆకాశానికి తన్నకూడదు. వెనకున్న ఇద్దరు పిల్లలు చెరో పక్కకీ ఎడంగా జరగాలి. మధ్యలో ఆడే పిల్ల కాస్త కిందికి దిగి రావాలి. కీపర్ బంతిని నెమ్మదిగా దొర్లించి ఆ ఇద్దరిలో ఒకరికి అందించాలి. అవతలివాళ్లు అది చూసి మీదికొస్తారు. రావాలనే కదా ఇదంతా.

"పిలవని చుట్టాల్లా మనింట్లోకి ఎగబడి వస్తారర్రా. రానీండి," అనేవాడు పిల్లలతో, నేల మీద కాలితో గీత గీసి చూపిస్తూ. "వాళ్లంతా మనింట్లో ఉంటే వాళ్లింట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు మాస్టారూ!"

"తలుపు?"

"తీసే ఉంటుంది మాస్టారూ!"

వినడానికి బాగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం మొదట్లో నవ్వులపాలయ్యారు. కీపర్ దొర్లించడం, వెనకున్న పిల్ల తడబడడం, అవతలివాళ్లు లాక్కుని గోలు కొట్టడం. గట్టు మీద కూర్చున్న అమ్మానాన్నలు నెత్తి కొట్టుకునేవాళ్లు.

"తన్నవే తల్లీ, ముందుకి తన్నవే! దాచుకుంటావేంటి దాన్ని, బ్యాంకులో వేస్తావా?" అని సెలూన్ ఆయన అరిచేవాడు. కీపర్ ఆయన కూతురే.

కుట్టుమిషన్ ఆవిడ మేస్త్రి పెళ్లాం పక్కనే కూర్చునేది. "వదినా, అన్నయ్య టీం గెలవాలంటే ఒకటే దారి. ఆ పక్క పిల్లలకి నిద్ర రావాలి," అనేది. ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లు.

మేస్త్రికి ఇవేవీ చెవికెక్కవు. పలక వంకరగా కూర్చుంటే లేపి మళ్లీ పరిచినట్టే, ఓడిన మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. తిట్టేవాడు కాదు. "కంగారుపడ్డావు, అంతేగా. రేపు ఇంకొంచెం తక్కువ కంగారుపడు," అనేవాడు.

ఆ ఆట కుదిరింది ఆయన సొంత కూతురు వెనక నిలబడ్డాకే.

ఒక్కగానొక్క పిల్ల. ఎడమకాలి వాటం. పరుగులో అంత గొప్పదేమీ కాదు, పొడుగూ కాదు. కానీ వెనక ఎడమ పక్కన నిలబడిందంటే మైదానమంతా దాని పెత్తనమే. "నువ్వు జరుగు. ఒసేయ్, నీ వెనకాల చూసుకో. ఆగాగు, ఏం కొంప మునిగిపోలేదు, నాకియ్యి." చేతులు తిప్పుతూ, నడుం మీద చెయ్యేసుకుని, అందరికీ బుద్ధులు చెబుతూ ఆడేది. పదమూడేళ్ల పిల్లకి తోటి పిల్లలు పెట్టిన పేరు అమ్మమ్మ.

"అమ్మమ్మా, ఇదిగో!" అని బంతి ఇచ్చేవాళ్లు. "అమ్మమ్మ దగ్గరుంది, ఇక ఫర్వాలేదు," అనుకుని ముందుకి పరిగెత్తేవాళ్లు.

ఇంట్లో ఒకనాడు వంటగట్టు మీద తల్లి కూరలు తరగబోతుంటే కూతురు వాటిని లాక్కుని ఆట పరిచింది. ఉల్లిపాయలన్నీ అవతలివాళ్లు. టమాటా కీపర్. బఠాణీ గింజ బంతి.

"ఇది నేను," అని ఒక బంగాళాదుంప పెట్టింది.

"పోయి పోయి బంగాళాదుంపవా?"

"నవ్వకమ్మా, విను. టమాటా ఇటు చూస్తుంది, కుడి పక్కకి. ఉల్లిపాయలన్నీ ఏమనుకుంటాయి? బంతి కుడికే పోతుందనుకుని అటు ఉరుకుతాయి. కానీ టమాటా చూడకుండానే ఎడమకి తోస్తుంది. నేనక్కడ ఉంటాను."

"చూడకుండా ఎలా తోస్తుందే? నువ్వక్కడ లేకపోతే?"

"ఉంటాను కదా."

"ఒకవేళ."

"ఒకవేళా లేదు, రెండువేళలా లేదు. అక్కడే ఉంటాను. అందుకే నన్ను అక్కడ పెట్టారు." అని ఉల్లిపాయల మధ్యలోంచి బఠాణీని దొర్లించుకుంటూ గట్టు చివరిదాకా తీసుకుపోయి కింద పడేసింది. "గోల్!"

"గోలు కాదు నీ మొహం, తుడు ముందు," అని తల్లి నెత్తిన మొట్టింది.

ఆ ఎత్తు మేస్త్రి నేర్పిందే. కళ్లు కుడికి, బంతి ఎడమకి. కీపర్‌గా ఆడే సెలూన్ ఆయన కూతుర్ని గొళ్లెం అనేవాళ్లు. గోలు తలుపుకి గొళ్లెమన్నమాట. గొళ్లెం, అమ్మమ్మ ప్రాణస్నేహితులు. ఆ ఇద్దరికీ మేస్త్రి ఆ ఎత్తు ఎన్నిసార్లు చేయించాడంటే, చివరికి గొళ్లెం కళ్లకి గుడ్డ కట్టినా బంతి పోయి అమ్మమ్మ ఎడమకాలి దగ్గరే ఆగేది. ఆ ఏడాది మేస్త్రి టీం గెలవడం మొదలుపెట్టింది. సెలూన్ ఆయన "తన్నవే" అనడం మానేసి, "అమ్మమ్మకివ్వవే" అని అరవడం నేర్చుకున్నాడు.

వానలు వెనకబట్టాక అమ్మమ్మకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. మాత్ర వేసుకుని మంచం మీద పడుకునే కాళ్లతో దిండుని తంతూ కబుర్లు చెప్పింది. తర్వాత తలనొప్పి అంది. తర్వాత వెలుతురు చూడలేనంది. ఆస్పత్రికి తీసుకుపోయేసరికి జ్వరం తలలోకి పాకిందన్నారు. డాక్టరమ్మ చెయ్యగలిగిందంతా చేసింది, చేసినట్టు కనపడింది కూడా. ఆవిడే కళ్లు తుడుచుకుంటూ వచ్చి చెప్పింది. మేస్త్రి ఆ గది బయట గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న పలకల వరసలు చూస్తూ ఉండిపోయాడు. ఎవరో లేవదీసేదాకా లేవలేదు.

కడుపుకోతని గురించి చెప్పడానికి మాటలు చాలామంది వాడారు. మేస్త్రి పెళ్లానికి ఒక్క మాటా ఆనలేదు. ఇంట్లో చప్పుడు పోయింది, అంతే. కూర ఎంత వండాలో చెయ్యి మరిచిపోయి, ముగ్గురికి వండి, మిగిలింది చూసి గిన్నె మీద మూతపెట్టి అక్కడే నిలబడిపోయేది. కూతురి మంచం మీద మొదట ఎవరూ ఏమీ పెట్టలేదు. కొన్నాళ్లకి ఉతికిన బట్టలు ఒకపూట అక్కడ పెట్టింది, మడత పెట్టేదాకానే కదా అని. మర్నాడు ఇంకొన్ని. అలా అలా ఆ మంచం బట్టల మంచం అయిపోయింది. ఇదెప్పుడు జరిగిందో ఆవిడకే తెలియదు. తెలిసిననాడు ఆ బట్టలన్నీ కింద పారేసి, కాసేపు ఆ మంచం పట్టె పట్టుకుని కూర్చుని, మళ్లీ ఒక్కొక్కటే ఏరి మంచం మీదే పెట్టింది. వేరే చోటేదీ లేదు ఆ ఇంట్లో.

మేస్త్రి కొన్నాళ్లు మైదానం వైపు పోలేదు. గొళ్లెం వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది ఒక సాయంత్రం. తలుపు పక్కనున్న బంతుల సంచీ భుజానికెత్తుకుని బయల్దేరింది. దాని వెనకాలే ఆయనా చెప్పులేసుకున్నాడు.

అప్పటినుంచి మళ్లీ సాధన మొదలైంది. అంతా మునుపటిలాగే. గొళ్లెం దొర్లిస్తుంది, కుడి పక్క పిల్ల అందుకుంటుంది, మధ్యలో పిల్ల దిగి వస్తుంది. ఒక్కటే తేడా. వెనక ఎడమ పక్కన ఎవరూ ఉండరు. మేస్త్రి అక్కడ ఎవరినీ నిలబెట్టలేదు. బయట ఇద్దరు ముగ్గురు పిల్లలు పచ్చ బనీన్లు వేసుకుని, మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారా అని కూర్చునే ఉన్నా నిలబెట్టలేదు. మ్యాచ్ అయినా అంతే. ఒకరు తక్కువతోనే దింపేవాడు. బంతిని కుడి పక్కనుంచే తియ్యమనేవాడు. అవతలివాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు, రెండో మ్యాచ్‌కే కనిపెట్టేశారు. కుడి పక్క ముగ్గురు కాపలా ఉంటే సరి, మేస్త్రి పిల్లలకి ఊపిరాడదు.

గట్టు మీద గుసగుసలు మొదలయ్యాయి. మేస్త్రి పెళ్లాం కూర్చుంటే ఆగేవి, లేచి వెళితే మళ్లీ సాగేవి.

ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ ఖాళీ చూస్తే ఆవిడకి కాస్త నెమ్మదిగా ఉండేది. ప్రపంచంలో ఆ ఒక్కచోట ఎవరూ ఏమీ పెట్టలేదు. మంచం మీద బట్టలు పడ్డాయి, బడిలో బల్ల మీద వేరే పిల్ల కూర్చుంటోంది, దాని సబ్బు ఇంటికొచ్చిన చుట్టాలెవరో వాడేశారు. మైదానంలో ఆ ఎడమ మూల మాత్రం ఖాళీగా ఉంది. దాని చోటు దానికే ఉంది. అందుకే మొగుణ్ణి ఒక్క మాట అడగలేదు ఆవిడ. ఆయనా చెప్పలేదు. ఆ ఖాళీని ఇద్దరూ కలిసి మోస్తున్నట్టే ఉండేది.

ఒక ఆదివారం పొద్దున్న సెలూన్ ఆయన, కుట్టుమిషన్ ఆవిడ, మరో ఇద్దరు అమ్మానాన్నలు ఇంటికొచ్చారు. మేస్త్రి పెళ్లాం టీలు ఇచ్చింది. కప్పులు పట్టుకుని అందరూ కప్పుల్లోకే చూశారు.

"మేస్త్రీ," అని సెలూన్ ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీకు చెప్పేంతవాణ్ణి కాదు. నీ బాధ నీది. పిల్లలు కూడా... మా దాని సంగతి నీకు తెలుసు, అది రాత్రి పూట లేచి కూర్చుంటోంది."

"ఊఁ."

"కానీ ఒకరు తక్కువతో ఆడిస్తే ఎలా చెప్పు? బయట పిల్లలున్నారు. బేకరీ ఆయన కూతురుంది, కొత్తగా వచ్చారే, ఆ పిల్ల రోజూ వచ్చి కూర్చుని రోజూ లేచిపోతోంది. దానికి నోట్లో నాలుక లేదు కాబట్టి సరిపోయింది. ఇంకో పిల్లయితే ఏడ్చేది."

"అక్కడ ఆడాలంటే పని తెలిసుండాలి," అన్నాడు మేస్త్రి. "ఎవరు పడితే వాళ్లు నిలబడే చోటు కాదది."

"నిలబెడితేనే కదా అన్నయ్యా తెలిసేది," అంది కుట్టుమిషన్ ఆవిడ, మెల్లగా.

మేస్త్రి కప్పు కింద పెట్టి దాని పిడి గోడవైపు తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పాడు.

"రాబోయే మ్యాచ్ చూస్తాం," అన్నాడు సెలూన్ ఆయన, లేస్తూ. "తర్వాత మా పిల్లల్ని రైల్వే గేటు అవతల కోచ్ దగ్గరికి పంపుతాం. కోపం పెట్టుకోకు. పిల్లలు ఓడిపోయి ఏడుస్తుంటే చూడలేకపోతున్నాం."

వాళ్లు వెళ్లాక మేస్త్రి తన పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ ఏదో ఒకటి అంటుందనుకున్నాడేమో. ఆవిడ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. ఆ పిల్లలు కూడా వెళ్లిపోతే ఈ మనిషి సాయంత్రాలు ఎక్కడికి పోతాడు? ఆ మాట ఆవిడ గొంతుదాకా వచ్చింది. దాని వెనకాలే ఇంకో మాట కూడా వచ్చింది: పోతే పోనీ, ఆ చోటు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. కుళాయి తిప్పి కప్పులు కడిగింది.

ఆ మ్యాచ్ రోజు ఎండ బాగా కాసింది. అవతల టీం పిల్లలు నీలం చొక్కాల్లో, కొత్త బూట్లతో దిగారు. మేస్త్రి యథాప్రకారం ఒకరు తక్కువతో దింపాడు. బేకరీ ఆయన కూతురు బయట బెంచీ చివర కూర్చుంది. సన్నటి పిల్ల, రెండు జడలు. మాట్లాడదు. పిల్లలు దానికి అప్పుడే మూగనోము అని పేరు పెట్టేశారు.

మొదట్లో బాగానే లాక్కొచ్చారు. నీలం చొక్కాలు కుడి పక్కే కాచుకుని ఉన్నా, గొళ్లెం ఓపికగా ఆగి ఆగి ఇస్తోంది. గట్టు మీద సెలూన్ ఆయన నోరు మూసుకుని, మోకాళ్లు ఊపుతూ కూర్చున్నాడు.

ఉన్నట్టుండి ముగ్గురు నీలం చొక్కాలు ఒక్కసారే గొళ్లెం మీదికి ఉరికారు. బంతి దాని కాలి దగ్గరే ఉంది. గొళ్లెం తల కుడికి తిప్పింది. చెయ్యి కూడా కుడికే చాపింది. నీలం చొక్కాలు కుడికి తూలారు. గొళ్లెం చూడకుండా బంతిని ఎడమకి తోసింది.

ఎంత చక్కగా తోసిందో. నేలకి ఆనుకుని, సరిగ్గా కావలసినంత వేగంతో, వంకర లేకుండా పోయి, ఎడమకాలి వాటపు పిల్ల ఒకతె అందుకోవడానికి ఎక్కడ రావాలో అక్కడికే వచ్చింది.

అక్కడ ఎవరూ లేరు.

బంతి ఆ ఖాళీలో ఒంటరిగా దొర్లుకుంటూ పోయింది. నాలుగో నీలం చొక్కా పిల్ల, వెనకబడి ఉన్నది, తన అదృష్టాన్ని తనే నమ్మలేనట్టు ఒక్క క్షణం ఆగి, పరిగెత్తుకొచ్చి బంతిని గోల్లోకి నెట్టేసింది.

గొళ్లెం ఇంకా తల కుడికి తిప్పే ఉంది. అటు పక్క ఎవరో అరిస్తే ఇటు తిరిగింది. తిరిగి, ఆ ఎడమ మూలని చూసింది. చూసి, అలాగే కూలబడింది. చేతి తొడుగుల్లో మొహం పెట్టుకుని ఏడ్చిన ఏడుపు గట్టు మీదికి వినపడింది. సెలూన్ ఆయన లేచి రెండడుగులు వేసి ఆగిపోయాడు. గ్యారేజీలో ఎవరో బ్రేకు తొక్కారు. కీచుమంది.

విరామంలో పిల్లలు మేస్త్రి చుట్టూ మూగారు. గొళ్లెం ఎక్కిళ్లు పెడుతూనే ఉంది.

"అలవాటు మాస్టారూ," అంది. "నేను కావాలని కాదు. కాలు దానంతటదే... దాని గొంతు కూడా వినపడింది మాస్టారూ, 'నాకియ్యి' అని."

మేస్త్రి దాని నెత్తి మీద చెయ్యి వేశాడు. "నీ తప్పు కాదమ్మా," అన్నాడు. నేర్పిందే ఆయన. చూడక్కర్లేదు, అక్కడ ఉంటుంది అని నేర్పింది ఆయన. ఆ చోటు ఖాళీగా ఉంచిందీ ఆయనే.

మ్యాచ్ జరిగేటప్పుడు గట్టు దిగి ఎన్నడూ కిందికి రాని మేస్త్రి పెళ్లాం అప్పుడు దిగి వచ్చింది. కొంగు బిగించి, గీత దాటి, పిల్లల మధ్యలోంచి దారి చేసుకుని మొగుడి ముందు నిలబడింది.

"పెట్టండి," అంది.

"ఏంటి?"

"ఆ పిల్లని. అక్కడ పెట్టండి."

"నువ్వా అనేది?" అన్నాడు. గొంతులో కోపం లేదు. తోడు నడుస్తున్న మనిషి సగం దారిలో చెయ్యి వదిలేస్తే ఎలా చూస్తారో అలా చూశాడు.

"నేనే. నాకూ అలాగే ఉంచాలనుంది. మీకన్నా ఎక్కువే ఉంది. కానీ చూడండి దీన్ని," అంటూ గొళ్లేన్ని దగ్గరికి లాక్కుంది. "మనం ఆ చోటు ఖాళీగా ఉంచితే ఇది రోజూ అటే ఇస్తుంది. రోజూ ఇలాగే ఏడుస్తుంది. ఒక పిల్లని పోగొట్టుకున్నాం. ఈ పిల్లనెందుకండీ చంపడం?"

రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని వాళ్లవైపే చూస్తున్నాడు, ఊదలేదు. చివరికి మేస్త్రి బెంచీ వైపు తిరిగి చెయ్యి ఊపాడు. మూగనోము వెనక్కి తిరిగి చూసుకుంది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"నిన్నేనమ్మా. రా. ఎడమ పక్కన వెనకాల. బంతి వస్తే కంగారుపడకు." అని, గొళ్లెం వైపు తిరిగాడు. "నువ్వు చూసి ఇయ్యి. ఇకనుంచి ఎవరికైనా సరే, చూసే ఇయ్యి."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో పెళ్లానికి ఒక్కతెకే తెలుసు.

మూగనోము పోయి అక్కడ నిలబడింది. జడలు రెండూ వెనక్కి ముడేసుకుంది. ఆవిడ గట్టు మీదికి పోలేదు, గీత పక్కనే నిలబడిపోయింది. ఈ పిల్ల ఆడలేకపోతే బాగుండును, అని మనసు ఒక్కసారి అనుకుంది. తడబడితే బాగుండును. ఆ చోట ఇంకెవరూ పనికిరారు అని అందరికీ తెలిస్తే బాగుండును. ముక్కుపచ్చలారని పిల్ల మీద అలాంటి ఆలోచన వచ్చినందుకు తనకే సిగ్గేసింది. అయినా ఆలోచన పోలేదు.

గొళ్లెం కళ్లు తుడుచుకుని బంతి తీసుకుంది. ఎడమకి చూసింది. బాగా చూసింది, అక్కడున్నది ఎవరో రూఢి చేసుకుంటున్నట్టు. దొర్లించింది.

మూగనోము అందుకుంది. కుడికాలి వాటం పిల్ల, బంతి కొంచెం ఇవతలికి వచ్చి ఆగింది. నీలం చొక్కా ఒకతె మీదికొచ్చింది. మూగనోము కదల్లేదు. రానిచ్చింది. ఇంకా రానిచ్చింది. గట్టు మీద ఎవరో "తన్నవే!" అన్నారు, అలవాటు చొప్పున. ఆ పిల్ల తన్నలేదు. నీలం చొక్కా కాలు చాపబోయే క్షణంలో బంతిని మధ్యలోకి దిగిన పిల్లకి అందించి, తను పక్కకి జరిగింది. మధ్య పిల్ల ముందుకి తిప్పింది. ముందు అంతా ఖాళీ. వాళ్లింట్లో ఎవరూ లేరు. ఒకరి నుంచి ఒకరికి, ఒకరి నుంచి ఒకరికి, గీత వెంట బంతి పరిగెత్తి పరిగెత్తి పోయి గోల్లో పడింది.

ఎవరూ ఎగరలేదు. గోలు కొట్టిన పిల్ల కూడా ఎగరలేదు. పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడి మేస్త్రి వైపు చూశారు, సంతోషపడొచ్చా అని అడిగినట్టు.

ఆవిడ కూడా మొగుడి వైపు చూసింది. పరిచిన పలకని వేలితో తట్టినప్పుడు గుల్ల చప్పుడు వస్తే ఆ మొహం ఎలా అవుతుందో ఆవిడకి తెలుసు. ఇది అది కాదు. గట్టిగా, నిండుగా, ఎక్కడా లోటు లేకుండా పలికిందని తెలిసిన మొహం. ఇన్నాళ్లూ ఆయన భయపడింది దానికేనని ఆవిడకి అప్పుడర్థమైంది. ఆ చోట ఇంకో పిల్ల పనికిరాదేమోనని కాదు. పనికొస్తుందేమోనని. బంతి అక్కడికొచ్చి, అక్కణ్ణించి పోయి, ఆట మునుపటిలాగే సాగిపోతుందేమోనని. సాగిపోయింది.

మేస్త్రి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. నెమ్మదిగా కొట్టాడు. అప్పుడు ఎగిరారు పిల్లలు. గొళ్లెం గోలు వదిలేసి పరిగెత్తుకొచ్చి మూగనోముని వాటేసుకుంది. వాటేసుకుని మళ్లీ ఏడ్చింది. గట్టు మీద సెలూన్ ఆయన తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కుట్టుమిషన్ ఆవిడ జోకు వెయ్యలేదు.

మ్యాచ్ చెరో గోలుతో ముగిసింది. పిల్లలు నీళ్లు తాగి, బూట్లు విప్పుకుని, ఒక్కొక్కళ్లే వెళ్లిపోతున్నారు. సెలూన్ ఆయన వచ్చి, మేస్త్రి భుజం ఒకసారి నొక్కి, "రేపు సాయంత్రం పంపిస్తాను," అని మాత్రం అని వెళ్లాడు. మేస్త్రి గోలుకి కట్టిన వల విప్పడానికి పోయాడు. ఆవిడ బనీన్లు సంచీలో వేస్తోంది.

మూగనోము తన బనీను తెచ్చి చేతికిచ్చింది. ఇచ్చాక వెళ్లలేదు. మేస్త్రి వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది.

"రేపు కూడా అక్కడేనా నేను?" అంది. ఆ పిల్ల గొంతు అంతకుముందు అక్కడెవరూ విని ఉండరు. సన్నగా, బొంగురుగా ఉంది.

మేస్త్రి వల ముడి మీద చెయ్యి పెట్టి అటు తిరిగే ఉన్నాడు. విన్నాడు. వీపు కదిలింది.

చేతిలో బనీను ఇంకా వెచ్చగా ఉంది, చెమటకి తడిసి. అమ్మమ్మ ఆడి వచ్చాక ఇచ్చే బనీను కూడా ఇంతే వెచ్చగా ఉండేది. ఏ పిల్లదైనా అంతే ఉంటుంది కాబోలు.

"అక్కడే తల్లీ," అంది ఆవిడ. "పొద్దుపోకముందే ఇంటికెళ్లు. అమ్మ చూస్తుంటుంది."

పిల్ల బూట్లు చేత్తో పట్టుకుని వట్టి కాళ్లతో పరిగెత్తింది.

మేస్త్రి విప్పిన ముడినే మళ్లీ వేసి, మళ్లీ విప్పుతున్నాడు. ఆవిడ సంచీ కింద పెట్టి, వెళ్లి, వల రెండో కొస పట్టుకుంది.